ర్యామ్ వేస్తే ఫోటోలకు జాగా వస్తుందా?

పానగల్ తమ్ముడు · శనివారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది నల్లగొండ. ఇంట్లో 2018లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఐ3 ఏడో జనరేషన్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. బటన్ నొక్కి చాయ్ పెట్టుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. సంక్రాంతికి అక్కాబావలు, పిల్లలు అందరూ వచ్చారు, పాత వీడియోలు టీవీలో వేద్దామని కూర్చుంటే ఒక్కో ఫోల్డర్ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు. పిల్లలు విసుగొచ్చి పతంగులకు పోయారు. పైగా డిస్క్ మీద ఎర్రగీత, ఫోన్లో ఉన్న పండగ ఫోటోలు ఎక్కిద్దామంటే జాగా లేదంటోంది.

చిన్నక్క పెళ్లి, పెద్దక్క బిడ్డ చీరల ఫంక్షన్, చెర్వుగట్టు జాతర, మా తాత మాట్లాడిన వీడియో, అన్నీ దీంట్లోనే ఉన్నాయి. ఊళ్లో ఒక షాపులో అడిగితే "8 జీబీ మెమరీ వేయించు, అంతా సాఫ్ అయితది" అన్నాడు. నా డౌట్ ఏంటంటే 8 జీబీకి సుమారు ఎన్ని ఫోటోలు పడతాయి? 16 వేయిస్తే ఇంకో రెండేళ్ల దాకా ఇబ్బంది ఉండదా?

జడ్చర్ల చౌరస్తా · శనివారం రాత్రి 10:52

కరెంటు పోగానే ర్యామ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, అందులో ఫోటోలు పెడితే మీ అక్క పెళ్లి క్యాన్సిల్ తమ్మీ. మా దగ్గరైతే రోజుకు రెండు సార్లు క్యాన్సిల్.

పాలమూరు రిపేరు · శనివారం రాత్రి 11:15

నవ్వకండి భాయ్, నా షాపుకు వచ్చే పది మందిలో ఆరుగురు ఇదే అడుగుతారు. తప్పు మనది కాదు, మాటది. ఫోన్లో జాగా అయిపోతే "మెమరీ ఫుల్" అంటాం, మెమరీ కార్డు అంటే ఫోటోలు పెట్టేది. అదే ల్యాప్‌టాప్ షాపులో "మెమరీ" అంటే ర్యామ్. ఒకే మాట, రెండు సామాన్లు.

తమ్ముడూ, మిర్యాలగూడ రైస్ మిల్లు చూసే ఉంటావు. గోదాములో వడ్ల బస్తాలు పేర్చి ఉంటాయి, అది నీ హార్డ్ డిస్క్. ఆడే ముందు బస్తాలు విప్పి పోసుకునే ఖాళీ నేల ఉంటుంది చూడు, అది ర్యామ్. నేల ఎంత వెడల్పు చేసినా గోదాములో ఒక్క బస్తా కూడా ఎక్కువ పట్టదు. కానీ నేల చిన్నదైతే హమాలీలు పది బస్తాలు తేవడం, ఐదు వెనక్కి మోయడం, మళ్లీ తేవడం. నీ ల్యాప్‌టాప్‌లో జరుగుతున్నది అదే. 4 జీబీ నిండగానే విండోస్ మిగిలింది హార్డ్ డిస్క్ మీద రాసుకుంటుంది, తిరిగే డిస్క్ కాబట్టి ఆ రాతకే దానికి ఊపిరాడదు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు, టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి స్లాట్స్ యూజ్డ్ అని ఏముందో చెప్పు. డిస్క్ ఎంత శాతం చూపిస్తుందో కూడా చూడు.

పానగల్ తమ్ముడు · శనివారం రాత్రి 11:38

అన్నా, మెమరీ 3.5 వాడుతోంది 3.9లో. స్లాట్స్ 1 ఆఫ్ 2. డిస్క్ మాత్రం ఏమీ తెరవకుండానే 100 శాతం. అయితే ర్యామ్ దండగేనా?

పాలమూరు రిపేరు · శనివారం రాత్రి 11:50

దండగ కాదు, దాని పని అది చేస్తుంది. జాగా గొడవ వేరు. ఒక స్లాట్ ఖాళీగా ఉంది కాబట్టి నీ అదృష్టం బాగుంది, ఈ మధ్య వచ్చే పల్చటి వాటిల్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచుదామన్నా కుదరదు. నీది డీడీఆర్4. కొనేటప్పుడు ల్యాప్‌టాప్ ర్యామ్ అని చెప్పు, దాన్ని సోడిమ్ అంటారు, డెస్క్‌టాప్‌ది దాదాపు రెట్టింపు పొడవుంటుంది. డీడీఆర్3కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260, గాటు పడే చోటు కూడా వేరు. ఒకదాని జాగాలో ఇంకోటి కూర్చోదు, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. 2400, 2666, 3200 అని రకరకాల స్పీడులు చూపిస్తారు, నీ ప్రాసెసర్ 2133 దగ్గరే నడుస్తుంది, 3200ది వేసినా తగ్గి నడుస్తుంది, పాడవదు. ఏది చవగ్గా దొరికితే అది తీసుకో.

ఎడమకాలువ · ఆదివారం ఉదయం 7:05

ర్యామ్ సంగతి తర్వాత. నేనొకటి అడుగుతా, సూటిగా చెప్పు. ఈ ఫోటోలు, వీడియోలు ల్యాప్‌టాప్‌లో కాక ఇంకెక్కడైనా ఉన్నాయా?

పానగల్ తమ్ముడు · ఆదివారం ఉదయం 8:20

పెళ్లివి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు ఫోటోగ్రాఫర్, అది ఎక్కడుందో వెతకాలి. మిగతావి దీంట్లోనే. ఫోన్లలో జాగా అయిపోయినప్పుడల్లా ల్యాప్‌టాప్‌లో వేసి ఫోన్లో తీసేసేవాళ్లం. అన్నట్టు డిస్క్ నుంచి అప్పుడప్పుడు టిక్ టిక్ అని సౌండ్ వస్తుంది, అది మామూలేనా?

ఎడమకాలువ · ఆదివారం ఉదయం 8:24

మామూలు కాదు. ల్యాప్‌టాప్ ఆపేయ్. పిల్లలకు సినిమా కూడా పెట్టకు దాంట్లో.

పెళ్లి కెమెరా · ఆదివారం ఉదయం 9:10

వనపర్తిలో పదిహేనేళ్లుగా ఇదే పని నాది. ఆ టిక్ టిక్ సౌండ్ నాకు నిద్రలో కూడా వినిపిస్తుంది. 2016లో ఒక పెళ్లి మొత్తం పోగొట్టుకున్నా, వాళ్లింటికి వెళ్లి నిలబడి చెప్పిన రోజు ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటి నుంచి కార్డులోంచి దింపేది రెండు డిస్కుల్లోకి ఒకేసారి, రెండూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్.

తమ్ముడూ, ముందు 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటి కొను. ర్యామ్ కన్నా ముందు, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) కన్నా ముందు. అది వచ్చాకే ల్యాప్‌టాప్ ఆన్ చెయ్.

జడ్చర్ల చౌరస్తా · ఆదివారం ఉదయం 9:31

చెక్‌డిస్క్ కమాండ్ కొడితే బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద చెడిన గళ్లు, సాఫ్ అవుతాయి కదా, నేను మా మామయ్య కంప్యూటర్‌కు కొట్టా, మంచిగైంది.

ఎడమకాలువ · ఆదివారం ఉదయం 9:40

అన్నా, దయచేసి కొట్టించకు. చెక్‌డిస్క్ ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుంది, డిస్కును కాదు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అది మొదలుపెడితే మొత్తం ఉపరితలం అంతా చదువుతూ, చదవలేని చోట ఉన్న ఫైల్ ముక్కలను తెగ్గొట్టి పారేస్తుంది. ముందు కాపీ, ఆ తర్వాత ఏ ప్రయోగమైనా. మీ మామయ్యకు మంచి రోజు అంతే.

గద్వాల గల్ఫ్ · ఆదివారం ఉదయం 11:02

దోహా నుంచి రాస్తున్నా. ఈ డిస్కుల తలనొప్పి అంతా ఎందుకు, గూగుల్ ఫోటోస్‌లో పడేస్తే అయిపోతుంది కదా. మా ఇంట్లో అందరివీ అందులోనే, నేనిక్కడ కూర్చుని మా పాప డాన్సు చూస్తున్నా.

దేవరకొండ టీచరమ్మ · ఆదివారం మధ్యాహ్నం 12:45

క్లౌడ్ మంచిదే తమ్ముడూ, కాదనను, ఇల్లు తగలబడినా అది ఉంటుంది. కానీ మీరు చెప్పేది 2021 జూన్ 1కి ముందు లెక్క. అప్పటిదాకా కాస్త కుదించిన ఫోటోలు ఎన్నైనా ఉచితంగా పెట్టనిచ్చేవాళ్లు, ఆ రోజు నుంచి ఎక్కించేవన్నీ 15 జీబీలోనే లెక్క. ఆ 15లోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా. మా స్కూల్లో ఒక సార్‌కు జీమెయిల్ రావడం ఆగిపోయింది, ఏమిటా అని చూస్తే మనవడి వీడియోలు 15 జీబీ నింపేశాయి.

ఇంకోటి, చాలామంది చేసే పొరపాటు. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని గూగుల్ ఫోటోస్ యాప్‌లోనే ఎంచుకుని డిలీట్ కొడతారు, ఫోన్లో ఖాళీ అవుతుందని. అది రెండు చోట్లా పోతుంది. ఫోన్లో మాత్రమే ఖాళీ చేయాలంటే అదే యాప్‌లో "ఫ్రీ అప్ స్పేస్" అని వేరే ఉంది, అది నొక్కాలి. డబ్బు కట్టడం మానేసి లిమిట్ దాటి రెండేళ్లు అలాగే వదిలేస్తే అన్నీ తీసేసే హక్కు కూడా వాళ్లకుంది. రెండేళ్లు అసలు వాడని అకౌంటుకూ అంతే. చనిపోయినవాళ్ల జీమెయిల్‌లో ఫోటోలు ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

పెళ్లి కెమెరా · ఆదివారం మధ్యాహ్నం 1:20

గల్ఫ్ అన్నా, లెక్క చూడు. మన దగ్గర నెట్ అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకుందాం, అది కూడా మంచి రోజున. అవి మెగాబిట్లు, ఎనిమిది బిట్లకు ఒక బైటు, కాబట్టి సెకనుకు 2.5 ఎంబీ పోతుంది. తమ్ముడి దగ్గర 600 జీబీ ఉంటే దాదాపు మూడు రోజులు రాత్రీ పగలూ ఆపకుండా ఎక్కించాలి. చావబోయే డిస్క్ మూడు రోజులు తిరగాలన్నమాట.

వీడియోలే మింగేస్తాయి జాగాను. ఐఫోన్‌లో 4కే, సెకనుకు 30 ఫ్రేములు పెట్టి తీస్తే కొత్త ఫార్మాట్‌లో కూడా నిమిషానికి 170 ఎంబీ, అదే 1080లో (ఫుల్ హెచ్‌డీ) 60 ఎంబీ. నా కెమెరాలో 100 ఎంబీపీఎస్ పెడతా, గంటకు 45 జీబీ. ఇంట్లో పిల్లాడు అడుగులేయడం తీయడానికి 1080 చాలు. మీరంతా తెలియక 4కేలో తీసి, దాన్ని వాట్సాప్‌లో పంపి పిప్పి చేసి, అసలుది డిలీట్ చేసి, ఆ పిప్పిని పదేళ్లు దాచుకుంటారు. వాట్సాప్ కాపీ కాపీయే కాదు, చెత్త. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు పోతుంది.

పానగల్ తమ్ముడు · సోమవారం రాత్రి 9:15

2 టీబీ డిస్క్ కొన్నా. ఎడమకాలువ అన్న పర్సనల్‌గా చెప్పినట్టు క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని డిస్క్ ఆరోగ్యం చూపించే ప్రోగ్రామ్ పెట్టి చూశా. పసుపు రంగు, "కాషన్" అని. కరెంట్ పెండింగ్ సెక్టార్ ఎదురుగా ఏవో సున్నాలు, చివర్లో 1ఎఫ్8 అని ఉంది. కాపీ మొదలుపెట్టా, నాలుగు వందల జీబీ దాకా బాగానే పోయింది, సాయంత్రం నుంచి ఒక్క ఫైల్ మీద ఆగిపోయింది. సున్నా బైట్స్ పర్ సెకండ్. టిక్ టిక్ ఎక్కువైంది.

ఆగింది తాత వీడియో మీద.

పాలమూరు రిపేరు · సోమవారం రాత్రి 9:22

క్యాన్సిల్ కొట్టి ఆపేయ్. వెంటనే.

ఎడమకాలువ · సోమవారం రాత్రి 9:30

1ఎఫ్8 అంటే హెక్సా లెక్క, మన లెక్కలో 504. ఆ 504 సెక్టార్లు చదవడానికి మొరాయిస్తున్నాయి. విండోస్ కాపీ మొండిది, చదవలేని చోటే తల బాదుకుంటుంది, ఆ బాదుడుకే డిస్క్ పూర్తిగా పోతుంది. డీడీ రెస్క్యూ అని లైనక్స్‌లో (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) ఒకటుంది, అది తెలివిగా చేస్తుంది. ముందు సాఫీగా వచ్చేదంతా తోడుకుని, మొరాయించే చోట్లను ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుని, చివర్లో వాటి దగ్గరకు మెల్లగా వెళ్తుంది. మధ్యలో ఆపినా ఆ మ్యాప్ ఉంటే మళ్లీ అక్కడి నుంచే.

ఫోన్లో చెప్పి చేయించే పని కాదిది. నేను శుక్రవారం రాత్రి హైదరాబాద్ నుంచి ఊరికి వస్తున్నా, మిర్యాలగూడ బస్సు ఎలాగూ నల్లగొండ మీదుగానే కదా. ల్యాప్‌టాప్, కొత్త డిస్క్ రెండూ బస్టాండ్‌కు తీసుకురా. ఆదివారం వెనక్కి వెళ్తూ ఇస్తా. అప్పటిదాకా ముట్టుకోకు.

జడ్చర్ల చౌరస్తా · సోమవారం రాత్రి 9:48

తమ్మీ ఆ వీడియోలో ఏముంది? చెప్పాలనిపిస్తేనే.

పానగల్ తమ్ముడు · సోమవారం రాత్రి 10:30

తాత వయసులో ఉన్నప్పుడు నాగార్జునసాగర్ డ్యామ్ కట్టడానికి రాళ్లు మోశాడు. ఇప్పట్లా మిషన్లు కాదు, రాతి కట్టడం, వేల మంది మనుషులు తలల మీద మోసుకుంటూ ఎక్కేవాళ్లంట. 2019లో ఒక సాయంత్రం మంచం మీద కూర్చుని తనంతట తనే చెప్తుంటే నేను ఊరికే ఫోన్ పెట్టి తీశా, రెండు నిమిషాల నలభై సెకన్లు. అంతకు ముందు గానీ తర్వాత గానీ తాత ఆ ముచ్చట చెప్పలేదు. 2021లో పోయాడు. ఆయన గొంతు ఉన్నది ఇదొక్కటే.

దేవరకొండ టీచరమ్మ · మంగళవారం ఉదయం 6:50

ఆ వీడియో అప్పట్లో ఎవరికైనా పంపావా నాన్నా? ఫ్యామిలీ గ్రూపులో గానీ? అందరినీ ఒకసారి అడిగి చూడు.

పానగల్ తమ్ముడు · మంగళవారం ఉదయం 7:30

గుర్తులేదు మేడమ్. నా ఫోన్ రెండు సార్లు మారింది. అక్కల్ని అడుగుతా.

గద్వాల గల్ఫ్ · మంగళవారం మధ్యాహ్నం 3:10

ఈలోపు నాకో డౌట్. తమ్ముడు ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండూ కొనాలా? ఒక్కదానికే డబ్బుంటే ఏది?

పాలమూరు రిపేరు · మంగళవారం సాయంత్రం 5:45

తిరిగే డిస్క్ ఉన్న ఏ పాత ల్యాప్‌టాప్‌కైనా కళ్లు మూసుకుని ముందు ఎస్ఎస్‌డీ అంటా. ఆ 5400 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు వంద ఎంబీ ఇస్తే గొప్ప, చిన్న చిన్న ఫైళ్లయితే అందులో పిసరంత. మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 దాటుతుంది. నేను చెప్పే క్రమం ఇది: ఎస్ఎస్‌డీ వేస్తే చాయ్ తాగే టైమ్ మిగులుతుంది, ర్యామ్ వేస్తే పది ట్యాబులు తెరిచినా బిగుసుకోదు.

ఇంకో విషయం, ఇప్పుడు ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి. ఏఐ డేటా సెంటర్లకే చిప్‌లన్నీ పోతున్నాయి. మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకు అమ్మే వ్యాపారమే మూసేస్తున్నామని 2025 డిసెంబరులో చెప్పింది. అందుకే 16 ఆశపడకు, 4 ఉన్నదానికి 8 జత చెయ్, 12 అవుతుంది. రెండు సైజులు కలపకూడదని కొందరు భయపెడతారు, అదేం లేదు, రెండు స్లాట్లూ నిండితే వేగం ఇంకాస్త నయమే. సెకండ్ హ్యాండ్ ర్యామ్ తీసుకున్నా ఫర్వాలేదు, అరిగేది కాదు అది, ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ అనే ర్యామ్ పరీక్ష పెట్టి ఎర్రగీతలు రాకపోతే చాలు. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లే పనుంటే అక్కడ తిప్పి చూసి తీసుకో.

పానగల్ తమ్ముడు · ఆదివారం రాత్రి 11:55

అన్న పొద్దుగూకే వేళకు డిస్క్ ఇచ్చి వెళ్లాడు. చాయ్ కూడా తాగలేదు, బస్సు కదులుతోందని పరిగెత్తాడు. ఈలోపు నేను 500 జీబీ ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ తెచ్చి పెట్టుకున్నా. ఇంటికి వచ్చి ధైర్యం చేసి నేనే విప్పి రెండూ బిగించా. ఇప్పుడు ఆన్ చేస్తే లైట్ వెలుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంది. ఏం చేయను??

పాలమూరు రిపేరు · సోమవారం ఉదయం 12:04

పడుకోబోతున్నా నీ వల్ల ఆగా. పరేషాన్ కాకు, పదికి తొమ్మిది సార్లు ర్యామ్ సరిగా కూర్చోకపోవడమే. చార్జర్ పీకు, బ్యాటరీ వైరు బోర్డు నుంచి తీయి, ఏదైనా ఇనప సామాను ముట్టుకుని చేతిలోని కరెంటు దింపుకో. ర్యామ్‌ను ఏటవాలుగా పట్టుకుని లోపలికి నొక్కాలి, బంగారు రంగు అంచు బయటికి కనిపించకూడదు, అప్పుడు కిందికి వంచితే రెండు వైపులా క్లిప్పులు టక్ మంటాయి. టక్ మనకపోతే కూర్చోనట్టే. బిగించాక మొదటిసారి ఒక నిమిషం దాకా నల్లగానే ఉండొచ్చు, కంగారుపడి ఆపకు.

పానగల్ తమ్ముడు · సోమవారం ఉదయం 12:31

వచ్చింది అన్నా!! ఒక వైపు క్లిప్పు పడలేదు. 12 జీబీ చూపిస్తోంది. పడుకోండి ఇగ.

ఎడమకాలువ · సోమవారం ఉదయం 8:15

నా వైపు సంగతి కూడా చెప్తా, ఇంకెవరికైనా పనికొస్తుంది. మొదటి విడతలో నాలుగు గంటల్లో దాదాపు అంతా వచ్చేసింది. చివరి కొసరుకే పంతొమ్మిది గంటలు. మొత్తం 1 టీబీలో చదవలేక మిగిలింది 9 ఎంబీ కూడా లేదు. నేను శాంపిల్‌గా తెరిచిన ఫోటోల్లో రెండు సగం బూడిద రంగుకు తిరిగాయి. తాతగారి వీడియో ఆడుతుంది కానీ ఒక చోట నాలుగు సెకన్లు బొమ్మ ముక్కలై మాట తెగిపోతుంది. ఇంకా లాగాలని చూశా, డిస్క్ ఇక తిరగడం మానేసింది. అంతవరకే నా చేతనైంది తమ్ముడూ.

పానగల్ తమ్ముడు · సోమవారం సాయంత్రం 6:40

అన్నా, మీరు చేసిందే ఎక్కువ. నిన్న రాత్రే చూశాం అందరం. ఆ నాలుగు సెకన్లలో తాత తన మేస్త్రి పేరు చెప్తాడు, "నన్ను కొడుకులా చూసుకున్న..." అని ఆగిపోతుంది. ఆ పేరు నాకూ గుర్తులేదు, నాయినకూ తెలియదు. ఏం చేస్తాం.

పానగల్ తమ్ముడు · బుధవారం రాత్రి 8:05

టీచరమ్మా, మీకు దండం. గ్రూపులో దొరకలేదు, కానీ సూర్యాపేటలో ఉండే మా మేనత్తకు విడిగా పంపానంట. ఆమె ఫోన్లో ఏదీ డిలీట్ చేయదు, ఆ ఫోనూ అప్పటిదే. 14 ఎంబీ వీడియో, బొమ్మ మసగ్గా ఉంది, తాత మీసం కూడా సరిగా కనిపించదు, మాట మాత్రం పూర్తిగా ఉంది. మేస్త్రి పేరు కూడా.

పెళ్లి కెమెరా · బుధవారం రాత్రి 8:20

చెత్త అన్నందుకు మీ మేనత్త గారికి నా తరఫున క్షమాపణ చెప్పు. ఆ 14 ఎంబీని అలాగే ఉంచు, అసలు వీడియో పక్కనే. వీలైతే నాకు రెండూ పంపు, మేనత్త కాపీలోని ఆ నాలుగు సెకన్ల మాటను నీ ఫైల్‌లో అతికిస్తా, బొమ్మ మసగ్గా ఉన్నా గొంతు తెగదు. డబ్బులేం వద్దు.

దేవరకొండ టీచరమ్మ · గురువారం ఉదయం 6:30

సంతోషం నాన్నా. ఇప్పుడు కొత్త డిస్క్‌లో పోసినవి మళ్లీ గడ్డివాములా వదిలేయకు. నా పద్ధతి చెప్తా, నచ్చితే తీసుకో. ఫోల్డర్ పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత సందర్భం. "2019-05 చిన్నక్క పెళ్లి" అలా. అప్పుడు కంప్యూటరే కాలక్రమంలో పేరుస్తుంది. "కొత్త ఫోల్డర్ 3", "అమ్మ ఫోన్ లాస్ట్", "లాస్ట్ ఫైనల్" ఇవి మా ఇంట్లోనూ ఉండేవి. తెలుగులో పేరు పెట్టినా ఏం కాదు, కొన్ని పాత టీవీల్లో మాత్రం డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తుంది. వాట్సాప్ ఫోటోల్లో తీసిన తేదీ సమాచారం పోతుంది, కానీ ఫైల్ పేరులోనే 20190414 అని అంకెలు ఉంటాయి, అది పంపిన తేదీ, దాంతో సర్దుకోవచ్చు.

వెనక పేర్లు కూడా రాయండి. ఆ ఫోటోలో ఎవరెవరు ఉన్నారో ఒక చిన్న నోట్‌ప్యాడ్ ఫైల్ అదే ఫోల్డర్‌లో పెడతా నేను. అత్తయ్య ఉన్నంత కాలమే ఆ పేర్లు చెప్పేవాళ్లుంటారు.

ఎడమకాలువ · గురువారం ఉదయం 9:00

రెండో డిస్క్ కూడా కొనాలి తమ్ముడూ, ఇది బతిమాలుతున్నా అనుకో. ఇప్పుడు నీ దగ్గర మళ్లీ ఒక్క కాపీయే ఉంది, డిస్క్ కొత్తదైంది అంతే తేడా. రెండోది కొని సూర్యాపేటలో మేనత్త దగ్గర పెట్టు, ఆమె ఏదీ పారేయదని రుజువైంది కదా. పండక్కి వెళ్లినప్పుడల్లా మార్చుకో. తిరిగే హార్డ్ డిస్కే తీసుకో దానికి, ఎస్ఎస్‌డీలు కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంటే డేటా జారిపోయే ప్రమాదం ఉంది. మరీ ముఖ్యమైనవి, తాత వీడియో లాంటివి ఓ పది జీబీ ఉంటాయేమో, అవి గూగుల్‌లో కూడా పెట్టు. గల్ఫ్ అన్న మాట అక్కడికి కరెక్టే.

ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఐదొందలకు అని కనిపిస్తే మాత్రం ముట్టుకోకు. లోపల 32 జీబీయో ఎంతో ఉంటుంది, పైకి 2 టీబీ చూపిస్తుంది, నిండాక పాతవాటి మీదే రాసుకుంటూ పోతుంది.

జడ్చర్ల చౌరస్తా · గురువారం ఉదయం 9:25

మరి విండోస్ 10 సంగతి? దానికి అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో అయిపోయాయన్నారు. 11 ఎక్కుతుందా దీనికి?

పాలమూరు రిపేరు · గురువారం మధ్యాహ్నం 2:10

పద్ధతిగా అయితే ఎక్కదు, ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచే ఒప్పుకుంటారు, నీది ఏడు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలో ఇంకో ఏడాది సెక్యూరిటీ అప్‌డేట్లకు చేరే ఆప్షన్ ఉంటుంది, 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. ఆ తర్వాత లైనక్స్ మింట్ వేసుకో, ఫోటోలు చూడటానికి అది బ్రహ్మాండంగా చాలు.

పానగల్ తమ్ముడు · గురువారం రాత్రి 9:50

ల్యాప్‌టాప్ ఇప్పుడు పావు నిమిషంలో తెరుచుకుంటోంది, అమ్మ చెడిపోయిందేమో అనుకుంది. విజ్‌ట్రీ అని పెట్టి ఏ ఫోల్డర్ ఎంత తింటోందో చూశా, డూప్‌గురుతో ఒకేలాంటివి వెతికా. ఒకే ఫోటో ఏడు చోట్ల. అచ్చం అవే అయిన నకళ్లు తీసేస్తే 110 జీబీ తగ్గింది. గుడ్ మార్నింగ్ పువ్వులే నాలుగు వేలు ఉన్నాయి, వాటిని మాత్రం నాయిన తీయనివ్వడం లేదు. ఒక డౌట్. ర్యామ్ వేశాక సీ డ్రైవ్‌లో మూడు జీబీ దాకా తగ్గినట్టుంది, ఎందుకు?

పాలమూరు రిపేరు · గురువారం రాత్రి 10:02

హహ. విండోస్ నిద్రపోయేటప్పుడు ర్యామ్‌లో ఉన్నది దాచుకోవడానికి డిస్క్ మీద ఒక ఫైల్ ఉంచుకుంటుంది, మామూలుగా ర్యామ్‌లో 40 శాతం సైజు. 4 జీబీకి 1.6, ఇప్పుడు 12కి 4.8. ర్యామ్ వేస్తే ఫోటోలకు ఎంత జాగా వస్తుంది అని కదా నువ్వు మొదట్లో అడిగింది? మైనస్ 3 జీబీ.

గద్వాల గల్ఫ్ · గురువారం రాత్రి 11:20

మా ఇంట్లో 1996 నాటి అమ్మానాన్నల పెళ్లి వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంది, బూజు పట్టింది. దీనికి ఎవరైనా?

పెళ్లి కెమెరా · గురువారం రాత్రి 11:34

వీసీఆర్‌లో పెట్టకు, బూజు హెడ్‌కు అంటుకుని టేపు తెగుతుంది. పొడిగా ఉండే చోట నిలబెట్టి ఉంచు. సెలవుకు వచ్చినప్పుడు వనపర్తి తీసుకురా, నా దగ్గర పాత వీసీఆర్ ఒకటి ఇంకా నడుస్తోంది, శుభ్రం చేసి చూద్దాం.